ముందు సరుగుడు, తర్వాతే జిరాఫీ

చీరాల,
నవంబరు 18

చి.ల.సౌ. సుజాతకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో అడిగింది రెండు ముక్కలే. జవాబు మాత్రం రెండు ముక్కల్లో తేలేది కాదని కాగితం మీద రాస్తున్నాను. మీ అన్నయ్య వీటిని ఫొటో తీసి పంపుతాడు.

డిసెంబరు సెలవుల్లో మొంబాసా వెళ్తున్నాం, ఒక పూట మిగులుతోంది, హాలర్ పార్కుకు వెళ్ళమంటావా, బీచ్‌లోనే ఉండిపొమ్మంటావా అని అడిగావు. పిల్లలు నైరోబీ నేషనల్ పార్కులో సింహాన్నే చూసొచ్చారు, పాత క్వారీ గుంతలో పెట్టిన జూలో కొత్తగా చూసేదేముంది అని అల్లుడుగారు అన్నారని కూడా రాశావు.

జంతువుల లెక్కే అయితే ఆయన మాట నిజం. సింహం అక్కడ లేదు, ఏనుగు లేదు. కానీ ఇరవై రెండేళ్ళు మొంబాసాలో ఉద్యోగం చేసి, ఇండియా నుంచి వచ్చిన ప్రతి చుట్టాన్నీ అక్కడికి తీసుకెళ్ళినవాణ్ణిగా చెప్తున్నాను, వెళ్ళండి. ఒక పూట సరిపోదు, పొద్దున వెళ్ళి సాయంత్రం దాకా ఉండండి. అయితే జిరాఫీతో మొదలుపెట్టొద్దు. జిరాఫీ అక్కడికి చాలా తర్వాత వచ్చింది. అన్నిటికన్నా ముందొచ్చింది సరుగుడు చెట్టు. చెట్టు వెనక రోకలిబండ, అదే వెయ్యికాళ్ళ పురుగు, వచ్చింది. ఆ రెండూ కలిసి మట్టిని చేశాయి. మట్టి మీద గడ్డి మొలిచింది, గడ్డి కోసం జంతువులు వచ్చాయి. అవి వచ్చిన వరసలోనే పిల్లలకు చూపించు. ఆ వరస తప్పితే అల్లుడుగారు అన్నట్టు అదొక చిన్న జూ, అంతే.

ఈ సంగతి నాకు మొదటే తెలియలేదు. 1986లో మీ అక్కనూ అన్ననూ తీసుకుని మొదటిసారి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం వెళ్ళాం. మొసళ్ళను చూశారు, హిప్పోను చూశారు, దాహం అన్నారు, గంటలో బయటికొచ్చేశాం. తిరిగొస్తుంటే మటాటులో, అంటే అక్కడి షేరు వ్యానులో, మీ అక్క అడిగింది, "నాన్నా, ఈ అడవి గుంతలో ఎందుకుంది?" అని. ఏడేళ్ళ పిల్ల. చుట్టూ రాతిగోడ ఉందనీ, మనం కిందికి దిగి వచ్చామనీ అది గమనించింది, నేను గమనించలేదు. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు మా పక్కింటి పెద్దాయన్ని, ఆ తీరంలోని గిరియామా తెగవాణ్ణి, అడిగాను. ఆయన వయసులో ఉన్నప్పుడు ఆ క్వారీలోనే రాయి కొట్టిన మనిషి. "అక్కడ చెప్పుల్లేకుండా నిలబడలేకపోయేవాళ్ళం, పక్షి కూడా వాలేది కాదు" అన్నాడు. మరుసటి ఆదివారం ఆయన్ని వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. నేను నీకు రాసేదంతా అక్కడి నుంచి మొదలైంది.

ముందు రోజు ఏం చేయాలో చెప్తాను. ఓల్డ్ టౌన్‌కు వెళ్ళండి, ఫోర్ట్ జీసస్ చూడండి. 1593లో పోర్చుగీసువాళ్ళు మొదలుపెట్టి 1596కు పూర్తిచేసిన కోట. దాని చరిత్ర పిల్లలకు ఎంత చెప్తావో నీ ఇష్టం, గోడను మాత్రం చేత్తో తాకించు. గరుగ్గా, చిల్లులు చిల్లులుగా ఉంటుంది. అది పగడపు రాయి. ఆ తీరమంతా ఒకప్పుడు సముద్రం అడుగున పెరిగిన పగడపు దిబ్బే. లక్ష ఏళ్ళ పైమాట. సముద్రం వెనక్కి తగ్గాక దిబ్బ ఒడ్డున పడింది. పగడపు పురుగు కట్టుకున్న గూడంతా సున్నమే కదా. కోటకు ఆ రాయే, పాత ఊళ్ళో అరబ్బుల ఇళ్ళకు ఆ రాయే. 1954 నుంచి, హాలర్ పార్కు ఉన్న బంబురిలో సిమెంటు తయారైంది కూడా ఆ రాతితోనే.

ఈ మాట పిల్లలకు తప్పక చెప్పు. సిమెంటు అంటే సున్నపురాయినీ బంకమన్నునూ కలిపి కొలిమిలో 1,450 డిగ్రీల దాకా కాల్చి పొడిచేసింది. మీరు నైరోబీలో ఉంటున్న ఫ్లాట్‌లోనూ ఎక్కడో ఒక గుంతలోంచి తవ్విన రాయే ఉంది. మీ అత్తగారి ఊరికి పిడుగురాళ్ళ మీదుగా వెళ్ళేటప్పుడు రోడ్డు పక్కన తవ్వి వదిలేసిన గుంతల్లో ఆకుపచ్చ నీళ్ళు నిలిచి ఉండటం నువ్వూ చూశావు. బంబురిలోనూ అలాంటి గుంతే మిగిలింది. అక్కడ రాయిని భూగర్భ నీటిమట్టానికి కాస్త పైదాకా తవ్వేశారు. ఆ నీళ్ళు ఉప్పునీళ్ళు. పైన మట్టి లేదు, నీడ లేదు, తెల్లటి రాయి మీద ఎండ పడితే కళ్ళు విప్పలేం. పక్కింటి పెద్దాయన చెప్పులమాట అన్నది అందుకే.

రైలు సంగతి. మా రోజుల్లో నైరోబీలో రాత్రి ఎక్కితే తెల్లారాక మొంబాసాలో దిగేవాళ్ళం. 2017 నుంచి మదారక ఎక్స్‌ప్రెస్ వచ్చాక ఐదారు గంటల పని అయిపోయింది. సెలవుల్లో టికెట్లు దొరకవు, ఇవాళే కొనేయండి. స్టేషను ఊళ్ళో కాదు, మిరితినిలో ఉంది. బంబురి ఉత్తరాన, న్యాలి వంతెన దాటి మలిండీ రోడ్డులో. రైలు దిగిన రోజే పార్కు పెట్టుకోవద్దు. ఇంకో మాట, ఇద్దరి ఏలియన్ కార్డులూ, అదే అక్కడ ఉంటున్న విదేశీయులకిచ్చే గుర్తింపు కార్డులు, దగ్గర పెట్టుకోండి. కెన్యాలో ఇలాంటిచోట్ల అక్కడ నివాసం ఉన్నవాళ్ళకు ఒక రేటు, బయటినుంచి వచ్చిన టూరిస్టులకు ఇంకో రేటు. కార్డు ఇంట్లో మర్చిపోయి ఒకచోట నేను నలుగురికీ టూరిస్టు రేటు కట్టాను. గేటు దగ్గర ఎంత చెప్పినా వినలేదు. వాళ్ళ రూలు వాళ్ళది.

పొద్దున గేటు తీసే వేళకు అక్కడుండండి. డిసెంబరులో మొంబాసా ఎండ మన చీరాల మే నెల ఉక్కను గుర్తుచేస్తుంది. తొమ్మిదిన్నర దాటితే చిన్నది నడవనంటుంది. చెప్పులు కాదు, బూట్లు వెయ్యి. నీళ్ళు స్టీలు సీసాల్లో తీసుకెళ్ళు. ప్లాస్టిక్ సంచి ఆ దేశంలో 2017 నుంచే నిషేధమని నీకు తెలిసిందే. తినేవి ఏవైనా గట్టి మూతున్న డబ్బాలోనే ఉండాలి. కోతులున్నాయి. మా బావమరిది చేతిలో అరటిపండు పట్టుకుని నడిచాడు, పండుతోపాటు చెయ్యీ గీరుకుపోయింది. అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్ళి టీకా వేయించాం. ఆ భయం ఇప్పటికీ గుర్తుంది నాకు, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

లోపలికి వెళ్ళగానే పిల్లలు జంతువులేవీ అని పరుగెడతారు. ఆపు. తలెత్తి చూడమను. నీకేమీ చెప్పనక్కర్లేదు, చూడగానే గుర్తుపడతావు. మన సముద్రం ఒడ్డున, రామాపురం, వేటపాలెం దారిలో నువ్వు చిన్నప్పుడు ఆడుకున్న సరుగుడు తోపే. అదే చెట్టు, అదే గాలి చప్పుడు. మొంబాసా వెళ్ళిన కొత్తలో ఇంటి మీద బెంగ పుడితే నేను ఆ చప్పుడు కోసమే అక్కడికెళ్ళి కూర్చునేవాణ్ణి.

సరుగుడు మనదీ కాదు, వాళ్ళదీ కాదు. ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరాల చెట్టు. మన వైపు 19వ శతాబ్దంలో మద్రాసు రాజధానిలో కట్టెల కోసం, రైలింజన్లలో మండించడం కోసం వేశారు. ఉప్పుగాలికి తట్టుకుంటుంది, ఇసుకలో బతుకుతుంది. రాతిలోనూ బతుకుతుందని చూపించింది బంబురి.

ఆ పని చేసినాయన రెనే హాలర్. స్విట్జర్లాండు మనిషి, వ్యవసాయం చదివినవాడు. 1959లో ఆ సిమెంటు కంపెనీలో చేరాడు, తోటల పని, పంటల పని చూడటానికి. 1971లో ఆ గుంతలో చెట్లు పెంచే పని మొదలుపెట్టాడు. రాతిని పొడిచి గుంటలు చేసి 26 రకాల మొక్కలు నాటించాడు. మూడే బతికాయి. ఒకటి సరుగుడు. ఒకటి కొబ్బరి. ఇంకొకటి సోమాలియా వైపు పెరిగే ఒక కోనోకార్పస్ జాతి. హైదరాబాదులో రోడ్ల మధ్య నాటి ఆ తర్వాత వద్దనుకున్న కోనోకార్పస్ ఈ కుటుంబానిదే. ఒకచోట తలనొప్పి అయిన చెట్టు ఇంకోచోట ప్రాణం పోసింది, చెట్టును ఎక్కడ నాటుతున్నామో చూసుకోవాలి మరి.

26లో 23 చచ్చిపోయాయి. పిల్లలకు ఈ లెక్క చెప్పు, ముఖ్యంగా పెద్దవాడికి. వాడు ఒక లెక్క తప్పితే పుస్తకం మూసేస్తాడని రాశావు కదా.

సరుగుడు ఎందుకు బతికిందంటే దాని వేళ్ళకు చిన్న చిన్న బుడిపెలుంటాయి. వాటిలో ఉండే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు ఎరువుగా ఇస్తుంది. మన కందికీ పెసరకూ ఉన్నట్టే, జీవి మాత్రం వేరు. మట్టి లేకపోయినా ఎరువు దొరుకుతుందన్నమాట.

ఇక్కడ ఒక పని చేయించు. కింద రాలిన సరుగుడు పుల్ల ఒకటి తీసుకో, ఆకు అనుకుంటామే, ఆ సూదిలాంటిది. నిజానికి అది ఆకు కాదు, సన్నటి కొమ్మ. రెండు చేతుల్తో మెల్లగా లాగితే కణుపు దగ్గర టిక్కుమని ఊడుతుంది. చిన్నప్పుడు నువ్వూ మీ అన్నా ఊడదీసి మళ్ళీ అతికించి, ఎక్కడ ఊడిందో కనిపెట్టు అని పందెం కాసేవాళ్ళు. ఊడిన చోట చూడు, చుట్టూ కిరీటంలాగా బుల్లి పళ్ళుంటాయి. ఆ పళ్ళే ఆకులు. ఒక్కో కణుపుకు ఆరు నుంచి ఎనిమిది దాకా ఉంటాయి. ఒక భూతద్దం తీసుకెళ్ళు, పెద్దవాణ్ణి లెక్కపెట్టమను. నీళ్ళు ఆవిరైపోకుండా చెట్టు తన ఆకులను అంత చిన్నవి చేసుకుందని అప్పుడు చెప్పు. పుస్తకంలో పది పేజీలు చదివితే ఎక్కనిది అక్కడ ఎక్కుతుంది.

చెట్లయితే పెరిగాయి గానీ తర్వాత చిక్కు వచ్చిపడింది. రాలిన సూదులు రాలినట్టే గుట్టలు పడ్డాయి, కుళ్ళలేదు. సరుగుడాకులో వగరు పదార్థం ఎక్కువ, అది దాన్ని తొందరగా చివకనివ్వదు. మన ఊళ్ళో ఆ సంగతి ఎవరూ పట్టించుకోరు, ఆడవాళ్ళు తట్టలతో ఊడ్చుకెళ్ళి పొయ్యిలో పెట్టుకునేవాళ్ళు. మీ నాన్నమ్మ సరుగుడాకు మంట మీద కాచిన పాలకు ఒక వాసన ఉండేది. సరే, అక్కడ ఊడ్చేవాళ్ళు లేరు. ఆకు చివకకపోతే మట్టి పుట్టదు, మట్టి లేకపోతే ఇంకే మొక్కా రాదు.

అప్పుడు ఆ ఆకును తినేది ఒకటి కనిపించింది. రోకలిబండ. ఆ తీరంలో ఉండే రోకలిబండ మనదానికంటే చాలా పెద్దది, అరచేయంత పొడవుంటుంది. ఒళ్ళు నిగనిగలాడే నలుపు, కాళ్ళు ఎర్రగా పగడాల్లా ఉంటాయి. అక్కడ అందరూ దాన్ని "మొంబాసా ట్రైన్" అంటారు, స్వాహిలీలో జోంగో. హాలర్ చుట్టుపక్కల నుంచి వాటిని వందలకొద్దీ తెప్పించి ఆ చెట్ల కింద వదిలాడు. అవి సూదుల్ని కొరికి తిని, విసర్జించాయి. ఆ విసర్జన మీద సూక్ష్మజీవులు పనిచేశాయి. రాతి మీద నల్లమట్టి పొర పడటం మొదలైంది. ఒక కంపెనీ మొత్తం లారీలతో మట్టి తోలి పోసినా ఎన్ని వానలకు నిలిచేదో. ఇది నిలిచింది, ఎందుకంటే పైన రాలే ఆకూ కింద తినే నోరూ అక్కడే ఉన్నాయి.

మీరు వెళ్ళేటప్పటికి అక్కడి చిన్నవానల కాలం అయిపోతూ ఉంటుంది, రోకలిబండలు కనబడే వీలుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు, ఆకులు తడిగా ఉన్నచోట వంగి చూడండి. దారి దాటుతూ ఉంటాయి, కాలు వేసేముందు చూసుకోవాలి. జెర్రి అనుకుని పిల్లలు హడలిపోకుండా ముందే చెప్పు. జెర్రి కరుస్తుంది, పరుగెడుతుంది, ఒక్కో కణుపుకు ఒక్కో జత కాళ్ళే. రోకలిబండకు రెండేసి జతలు. నడిచేటప్పుడు ఆ కాళ్ళ వరసలో అల ఒకటి తోక నుంచి తల దాకా పోతూ ఉంటుంది, ఉయ్యాలబల్ల కింద నీడలాగా. తాకితే ఉంగరంలా చుట్టుకుని పడుకుంటుంది. చేత్తో పట్టుకోనివ్వద్దు. భయపడితే పసుపు రంగు ద్రవం ఒకటి వదులుతుంది, వేళ్ళకు మరకవుతుంది, ఆ చెయ్యి కంట్లో పెట్టుకుంటే మంట. పొరపాటున తాకితే వెంటనే కడిగించు. పక్కన కూర్చుని కాసేపు కదలకుండా చూస్తే చాలు. నేను నా మనవలతో ముప్పావు గంట కూర్చున్నాను, నేనే లేవమన్నా వాళ్ళు లేవలేదు.

ఆ తర్వాత కాస్త ఆకు పక్కకు తొలగించి, అందరూ నడిచే దారి మీద కాదు, ఓ అంచున, వేలు గుచ్చి చూడమను. వేలికి నల్లమట్టి అంటుతుంది, కిందికి పోతే రాయి తగులుతుంది. ఆ రెండింటి మధ్య ఉన్నదే ఈ ఇన్నేళ్ళ పని. చూసి, ఆకు మళ్ళీ కప్పేయండి.

గోడ దగ్గరికి తీసుకెళ్ళడం మర్చిపోవద్దు. క్వారీ అంచున నిలువుగా కోసిన రాతిమీద పగడపు గుర్తులు కనిపిస్తాయి. కొన్ని మెదడు మడతల్లా ఉంటాయి, కొన్నిచోట్ల గవ్వల అచ్చులు. ముందురోజు కోట గోడ తాకిన చెయ్యి ఇక్కడ మళ్ళీ తాకాలి. ముక్క విరగ్గొట్టి సంచిలో వేసుకోవడం మాత్రం వద్దు. మీ అక్క అడిగిన ప్రశ్నకు జవాబు ఆ గోడే. అడవి గుంతలో లేదు, గుంతను అడవి చేశారు.

ఇప్పుడు జంతువులు. సరుగుడు నీడలో ఆ తర్వాత ఆ ప్రాంతపు చెట్లను రకరకాలు నాటారు, గడ్డి వచ్చింది, చెరువులు తవ్వారు. చెరువుల్లో తిలాపియా చేపలు పెంచారు, మొసళ్ళను పెంచారు, సరుగుడు కర్రను ఇళ్ళ కప్పులకూ కంచెలకూ అమ్మారు. ఈ డబ్బు సంగతి కూడా అల్లుడుగారికి చెప్పు, ఆయన లెక్కల మనిషి కదా. ఇదంతా దానధర్మంగా కాక, తన తిండి తాను సంపాదించుకునేలా హాలర్ నడిపించాడు. ఇలాండ్ లేళ్ళు, ఓరిక్స్ జింకలు, అడవిదున్నలు, హిప్పోలు, జిరాఫీలు ఒక్కొక్కటే వచ్చాయి. తల్లిని పోగొట్టుకున్న పిల్లలనూ దెబ్బలు తగిలినవాటినీ తెచ్చి పెంచినవి వాటిలో ఉన్నాయి. 1987లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ తన గ్లోబల్ 500 గౌరవ జాబితాలో హాలర్ పేరు చేర్చింది. ఆయన పేరే పార్కుకు పెట్టారు. మేం ఉన్నప్పుడు మొదట్లో బంబురి నేచర్ ట్రెయిల్ అనేవాళ్ళం.

పిల్లలకు ఆయన్ని దేవుణ్ణి చేసి చెప్పకు, కంపెనీని రాక్షసుణ్ణి చేసీ చెప్పకు. గుంత తవ్విందీ ఆ కంపెనీయే, దాన్ని బాగుచేయించిందీ అదే. రాయి లేనిదే మన ఇల్లు లేదు. తవ్వినవాడే తిరిగి బాగుచేయాలన్నది పిల్లలకు ఆ వయసులోనే తెలిసిపోతే మంచిది. నాకు యాభై దాటాక తెలిసింది.

జిరాఫీలకు మేత పెట్టే వేళలు మా రోజుల్లో పొద్దున పదకొండు ప్రాంతంలో, మధ్యాహ్నం మూడు ప్రాంతంలో ఉండేవి. గేటు దగ్గరే అడిగి తెలుసుకో. గుళికల దాణా అక్కడ వాళ్ళే ఇస్తారు. అరచెయ్యి చాపి, వేళ్ళు మడవకుండా పెట్టమను. నాలుక మూరెడు పొడవు, నలుపుకు తిరిగిన ఊదారంగు, ఆవు నాలుకలా గరుగ్గా ఉంటుంది. చిన్నది భయపడితే బలవంతపెట్టొద్దు, నువ్వు పెడుతుంటే చూసి అదే వస్తుంది. ఇంటి నుంచి తెచ్చిన బిస్కట్లు, చిప్స్ ఏ జంతువుకూ పెట్టనివ్వకు. ఎదుటివాళ్ళు పెడుతున్నా సరే.

పెద్ద తాబేళ్ళ దగ్గర ఆగండి. ఆల్డాబ్రా దీవుల జాతి, మన ఇంట్లో పీటంత కాదు, మంచంలో సగం ఉంటాయి. వాటిలో మ్జే అనే తాబేలు కథ పిల్లలకు అక్కడే చెప్పాలి. మ్జే అంటే స్వాహిలీలో పెద్దాయన. నన్ను కూడా ఆఫీసులో చివరి పదేళ్ళూ అలాగే పిలిచారు.

2004 డిసెంబరు 26, ఆదివారం. నువ్వు పదో క్లాసు. సునామీ అప్పటి మన ప్రకాశం జిల్లా తీరాన్ని కొట్టిన రోజు. టీవీలో చెన్నై, నాగపట్నం చూపిస్తున్నారు, చీరాల ఊసు లేదు. మీ నాన్న ఫోన్ ఎత్తేదాకా నేనూ మీ పెద్దమ్మా ఆ ఫోన్ ముందు నుంచి లేవలేదు. అదే కెరటం హిందూ మహాసముద్రం అంతా దాటి ఆ మధ్యాహ్నానికి కెన్యా తీరానికీ వచ్చింది. మలిండీ దగ్గర సబాకీ నది సముద్రంలో కలిసేచోట ఓ హిప్పో పిల్ల తల్లి నుంచి విడిపోయి పగడపు దిబ్బ మీద చిక్కుకుపోయింది. ఏడాది వయసు, బరువు మాత్రం మూడు వందల కిలోలు. మర్నాడు ఊరివాళ్ళూ జాలర్లూ వలలేసి పట్టి, హాలర్ పార్కుకు తెచ్చి వదిలారు. వదలగానే అది పరుగెత్తి వెళ్ళి నూటముప్పై ఏళ్ళుంటాయని చెప్పే ఆ తాబేలు వెనక దాక్కుంది. మొదట ముసలి తాబేలు విసుక్కుని పక్కకు జరిగింది. ఇది మళ్ళీ వెళ్ళి ఆనుకుంది. తెల్లారేసరికి రెండూ ఒకచోట పడుకుని ఉన్నాయి. ఆ తర్వాత కలిసి తినడం, కలిసి నీళ్ళలో దిగడం. దానికి ఓవెన్ అని పేరు పెట్టారు, వలలోంచి దాన్ని ఒడిసిపట్టిన మనిషి పేరే. పెద్దదయ్యాక ముసలి తాబేలుకు దాని బరువు ముప్పు అని, 2007లో క్లియో అనే ఆడ హిప్పోతో కలిపారు.

సంక్రాంతి వెళ్ళాక మేమూ వెళ్ళి చూశాం. జనం విపరీతంగా ఉన్నారు. మీ పెద్దమ్మ ఆ రెంటినీ చూసి కళ్ళు తుడుచుకుంది. ఆ కెరటం మన ఒడ్డున తీసుకుపోయినవాళ్ళు ఎందరో. మన వాడరేవు జాలరి పేటలో తెలిసిన ముఖాలు కొన్ని పోయాయి. అదంతా మనసులో పెట్టుకుని చూశాం కాబట్టి మాకు అది వింతగా అనిపించలేదు, చుట్టం ఒకడు బతికి బయటపడ్డట్టు అనిపించింది. నువ్వు పిల్లలకు చెప్పేటప్పుడు చీరాల సంగతి కూడా కలిపి చెప్పు. కెన్యా సముద్రం, మన సముద్రం ఒకటేనని వాళ్ళకు తెలియాలి.

హిప్పోలకు సాయంత్రం నాలుగు ప్రాంతంలో మేత వేసేవాళ్ళు. అప్పటిదాకా ఉండగలిగితే నీళ్ళలోంచి పూర్తిగా బయటికొచ్చి కనిపిస్తాయి, మిగతా వేళల్లో కళ్ళూ చెవులే. మధ్యాహ్నం పిల్లలను నీడలో కూర్చోబెట్టి తినిపించి, చిన్నదాన్ని ఓ కునుకు తియ్యనివ్వు. పాములూ చేపలూ ఉండే చోట్లు చూడకపోయినా నష్టం లేదు, వాటికోసం హడావిడిపడొద్దు.

ఖర్చులకు ఎం-పెసాలో, అదే ఫోన్‌తో డబ్బు కట్టే ఖాతాలో, డబ్బుంచుకోండి. దోమల మందు రాయి. చిన్నదానికి తెల్ల టోపీ పెట్టు. అల్లుడుగారిని ఫోన్ జేబులో పెట్టుకోమను, కనీసం రోకలిబండ దగ్గరైనా.

పెద్దవాడు కణుపుకు ఎన్ని పళ్ళు లెక్కపెట్టాడో నాకు రాయించు. అక్కడి చెట్టుదీ మన చెట్టుదీ లెక్క కలుస్తుందో లేదో చూడాలి. వేసవికి మీరు వచ్చేసరికి రామాపురం తోపులోంచి నాలుగు పుల్లలు తెచ్చి ఉంచుతాను. భూతద్దం వాడినే తెమ్మను, నాది మసకబారింది.

మీ పెద్దమ్మ నీకు గోంగూర పచ్చడి పంపుతానంటోంది, ఎవరైనా వచ్చేవాళ్ళుంటే చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న